పార్కులో ఆటలాడరాదు

మొన్న ఆదివారం సాయంత్రం మా మనవడు చంకలో బంతి పెట్టుకుని బయల్దేరి పది నిమిషాలు తిరక్కుండానే ఇంటికొచ్చేశాడు. "ఏరా, అప్పుడే అయిపోయిందా ఆట?" అన్నాను. "ఆడనివ్వరు కదా తాతయ్యా, బోర్డు ఉందిగా" అని బూట్లు ఓ మూలకు విసిరి, సోఫాలో ఒరిగి సెల్లు అందుకున్నాడు. మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. నాకు కడుపు మండింది అందుకే. పదకొండేళ్ళవాణ్ణి ఆట మధ్యలో ఇంటికి తరిమితే కనీసం గడపనైనా తన్నాలి. మేం తన్నేవాళ్ళం. తన్ని దెబ్బలు తినేవాళ్ళం కూడా, అది వేరే సంగతి.

ఆ బోర్డు నాకు బాగా తెలుసు. పచ్చ రంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. పార్కులో ఆటలాడరాదు. బంతులు తేరాదు. పచ్చిక తొక్కరాదు. పూలు కోయరాదు. ఇన్ని రాదులు ఒక్కచోట నేను చూసింది పూర్వం రైలు పెట్టెలో. అక్కడ కూడా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టరాదన్నారు గానీ, పిల్లలు ఆడుకోరాదని రాయలేదు.

నేను ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. సర్వీసు రిజిస్టరులో వ్యాయామోపాధ్యాయుడు, జీతాల బిల్లులో పీఈటీ, ఊళ్ళో మాత్రం డ్రిల్లు మాస్టారే. హైదరాబాదు దోమల్‌గూడ వ్యాయామ కళాశాలలో చదివి, 1976లో మెడలో ఈల వేసుకున్నాను, 2010లో తీసేశాను. కాబట్టి ఈ విషయంలో సణిగే హక్కు నాకుంది. మా ఆవిడ మాత్రం, "ఏవండీ, మీకు ఏ విషయంలో లేదు ఆ హక్కు?" అంటుంది.

మా ఊరు తెనాలికీ రేపల్లెకీ మధ్య కాలువ గట్టున ఉంటుంది. ఊరికి ఆటస్థలం అంటూ ఒకటి లేదు, ఆ మాటే మేం వినలేదు. ప్రతి జాగా ఎవరో ఒకరిదే. ఏ జాగా ఏ వేళకు దాని యజమానికి అక్కర్లేదో మాత్రం మాకు కంఠతా వచ్చు. కోతలైపోతే చేలు మావి. మోళ్ళు అరికాళ్ళకు గుచ్చుకునేవి, ఆ పోట్లకే పరుగు ఇంకాస్త హెచ్చేది. నూర్పిళ్ళు ముగిసి గింజ గాదెకెక్కాక కళ్ళం మాది. పేడతో అలికి గట్టిపడిన నేల, బిళ్ళంగోడుకు అంతకు మించిన చోటు ఈ భూమ్మీద లేదు. ఎండాకాలం కాలువ కట్టేశాక కాలువ అడుగే మాది. అటూ ఇటూ గట్లు ఉండేవి కాబట్టి బంతి ఎటూ పోయేది కాదు. మధ్యాహ్నం రథం నీడ మాది, సాయంత్రం చింతతోపు కోతికొమ్మచ్చిది. యజమాని చూసేవాడు, నాలుగు తిట్టేవాడు, కండువా దులుపుకుని పోయేవాడు. తాళం వేయాలని ఎవరికీ తోచలేదు. తోచినా వేయడానికి గేటేదీ?

బంతి కొనడం అనేది కూడా లేదు. పాత గుడ్డపీలికలు ఉండగా చుట్టి, పైన సైకిలు ట్యూబును చక్రాలు చక్రాలుగా కోసి తొడిగేవాళ్ళం. ఏడుపెంకులాటలో ఆ బంతి వీపుకు తగిలిందంటే సాయంత్రం అమ్మ నీళ్ళు పోస్తున్నప్పుడు గుర్తు కనపడేది. ఏడు పెంకులు పేర్చడంలో ఓ లెక్క ఉంది. అడుగున కుండ పెంకు, పైన బంగాళాపెంకు. తలకిందులుగా పేర్చినవాణ్ణి జట్టులో ఎవరూ కోరుకునేవారు కాదు. ఆటలకు కాలాలుండేవి. గోలీలు ఉన్నట్టుండి మొదలయ్యేవి, ఉన్నట్టుండి మాయమయ్యేవి, మర్నాడు ఊరంతా బొంగరాలు తిరిగేవి. ఎవరు చెప్పేవారో, ఎవరు విన్నారో తెలియదు. నా సర్వీసులో డీఈఓగారి సర్క్యులర్ కూడా అంత వేగంగా అమలు కాలేదు.

అన్నిటికంటే పెద్ద ఏర్పాటు అరటిపండు. ఆటలో అరటిపండు అంటే ఈ కాలం పిల్లలకు విడమర్చి చెప్పాల్సి వస్తోంది. ఇంట్లో తమ్ముణ్ణో చెల్లినో చంకనేసుకుని రాకపోతే అమ్మ బయటకు వదిలేది కాదు. ఆ బుడ్డాడిని కూడా జట్టులో చేర్చుకునేవాళ్ళం. వాడు పరిగెడతాడు, అరుస్తాడు, అవుటైనా అవుటు కాదు, దొంగ కావలసిన పని లేదు. రెండేళ్ళపాటు అలా అరటిపండుగా తిరిగి, ఆట రూల్సన్నీ చూపుతోనే నేర్చుకుని, ఒకరోజు "నేను అరటిపండు కాదు, నన్ను కూడా పంటల్లో లెక్కెయ్యండి" అనేవాడు. ఇప్పుడు సమ్మర్ క్యాంపుల్లో అండర్ టెన్, అండర్ ట్వెల్వ్ అని విడగొడుతున్నారు. ఆరేళ్ళవాడు ఆరేళ్ళవాళ్ళతో, పన్నెండేళ్ళవాడు పన్నెండేళ్ళవాళ్ళతో. పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలు ఏం నేర్చుకోవాలో దానికి ఫీజు కట్టించుకోవడానికి ఓ కోచ్.

అయితే ఇక్కడ ఆగి ఓ నిజం చెప్పాలి, లేకపోతే మా తోటివాళ్ళు రాసే పాతరోజుల వ్యాసాల్లాగే ఇదీ తేనెలో నానిపోతుంది. మేం ఈత నేర్చుకుంది ఎండిన సొరబుర్ర నడుముకు కట్టుకుని కాలువలో. నాతో ఆరో తరగతి చదివినవాడొకడు ఆ కాలువలోనే పోయాడు. బిళ్ళ ఎగిరొచ్చి కన్ను పోయినవాడు ఇప్పటికీ మా ఊళ్ళో ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ రెండో కన్నుతో నన్ను ఆప్యాయంగా చూస్తాడు. కొట్టింది నేను కాదు, కానీ ఆ జట్టులో నేనున్నాను. దళితవాడ పిల్లలు కళ్ళంలోకి వచ్చేవారు కాదు. వచ్చేవారు కాదని రాయడం సుఖంగా ఉంటుంది గానీ, రానిచ్చేవారు కాదు. ఇక ఆడపిల్లలు. పదేళ్ళొచ్చేవరకు తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, ఆ తరువాత అరుగు మీద అచ్చంగిల్లాలు, వామనగుంటలు. మా అక్క నాకంటే వేగంగా పరిగెత్తేది. పన్నెండో ఏట ఆమె పరుగు ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, మా నాన్న ఓసారి గట్టిగా చూశాడు, అంతే.

కళ్ళం దగ్గరి ఆ కట్టు కొంత తెగింది బడి మైదానంలో. గ్రిగ్స్ పోటీలని ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నాటి విద్యాశాఖ పెద్ద ఒకాయన పేరు మీద మొదలైనవట. మాకు ఆ దొర ఎవరో తెలియదు, గ్రిగ్స్ అంటే రేపల్లె బండెక్కి తెనాలి పోవడం, పోటీల కోసం బడి ఎగ్గొట్టినా తిట్టకపోవడం. అక్కడ కళ్ళం లేదు, వాడ లేదు. లాంగ్‌జంప్ గుంట ముందు నిలబడితే ఎవడు ఎంత దూకాడన్నదే లెక్క. మా బడి నుంచి ఆ ఏడు మొదటి బహుమతి తెచ్చినవాడు మా కళ్ళంలోకి రానివ్వనివాడే. స్టీలు గ్లాసు ఇచ్చారు. ఆ గ్లాసుతో మా అందరికీ సోడా పోయించాడు. నేను డ్రిల్లు మాస్టారు కావాలని అనుకున్నది ఆ రోజే అని చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఆ సోడా సిగ్గు కూడా కొంత కలిసి ఉంటుంది.

మైదానం అంటే ఖాళీ నేల అనుకుంటారు జనం. కాదు. మైదానం అంటే సున్నం. పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని, అటో మేకు ఇటో మేకు కొట్టి పురికొస లాగి, అడుగున బెజ్జాలు కొట్టిన పాలడబ్బాలో పొడిసున్నం పోసి తట్టుకుంటూ నడిస్తే గీత పడుతుంది. గీత పడ్డాకే నేల మైదానం అవుతుంది. లోపల, బయట అనే మాటలకు అర్థం వస్తుంది. తగాదా వస్తుంది, తీర్పు వస్తుంది. లాంగ్‌జంప్ గుంటలో ఇసుక ఏడాదికోసారి తిరగేసి, రంపపు పొట్టు కలపాలి, లేకపోతే వానకు బండకట్టి మడమలు విరుగుతాయి. బాల్ బ్యాడ్మింటన్ కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. పసుపుపచ్చ ఉన్ని బంతి, కర్ర బ్యాటు, వైపుకు ఐదుగురు. ఒకప్పుడు కోస్తాలో ఆ కోర్టు లేని పెద్ద ఊరు నేను చూడలేదు. కరణంగారు, పోస్టుమాస్టరు, బడిపిల్లలు ఒకే కోర్టులో. గాలి వీస్తే బంతి ఎటు వంగుతుందో కనిపెట్టడమే సగం ఆట. ఇప్పుడు ఆ బంతి ఎక్కడ దొరుకుతుందని అడిగితే స్పోర్ట్సు షాపువాడు నన్ను పైనుంచి కిందికి చూసి షటిల్ కాక్ చూపించాడు.

ఆటలంటే పరుగే కాదు లెండి. ఆదివారం పంచాయతీ రేడియోలో బాలానందం వచ్చేది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. ఆంధ్రదేశం మొత్తానికి రేడియో అన్నయ్య, అక్కయ్య. 1945లో బాల పత్రిక పెట్టారు, బాలానంద సంఘాలు నడిపారు, పిల్లల చేత పాటలు, నాటికలు, ఊసులు చెప్పించారు. పిల్లల్లేని దంపతులకు ఊరూరా పిల్లలే. మా ఊళ్ళో వాళ్ళను చూసి గ్రంథాలయం పంతులు నాటకం వేయించాడు, నేను అందులో చెట్టు. మాట లేదు, కదలిక లేదు, చేతులు చాపి నిలబడడమే. అయినా ఆ పొద్దు ఇప్పటికీ గుర్తుంది.

సరే, ఇప్పటి సంగతి. నేను చెప్పబోయేది సెల్లు గురించి కాదు. అందరూ సెల్లునే తిడతారు, అది నోరు లేనిది కాబట్టి. పిల్లవాడికి బయట జాగా లేక సెల్లు పట్టాడా, సెల్లు పట్టి జాగా వదిలాడా? మా మనవడు మొన్న బంతితో వెళ్ళాడు. సెల్లు అందుకున్నది తిరిగొచ్చాక. ఆ వరస మరిచిపోయి మాట్లాడితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

వాడి బడి నాలుగంతస్తుల మేడ. కింద సెల్లారులో స్కూటర్లు, పైన రేకుల కింద ప్రార్థన. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. వారానికి ఒక గేమ్స్ పీరియడ్ టైంటేబుల్లో ఉంది. దాన్ని లెక్కల సారు వాడుకుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే ఆరోగ్య వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడైనా ఉండాలన్నారు. చట్టం 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది, నేను రిటైరైన ఏడే. నేను ఈల తీసేసిన ఏడాదే ఈల తప్పనిసరి అయిందన్నమాట. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా వాడికి ఆ గంట ఎక్కడుందో నేను వెతికాను. బడి బస్సు దగ్గరికి పుస్తకాల సంచి మోసుకెళ్ళే ఏడు నిమిషాలు దొరికాయి.

ఇక మా కాలనీ పార్కు. ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే నేను టేపు పట్టుకుని కొలిచాను. లేఅవుటు వేసేటప్పుడు నేలలో పదో వంతు ఖాళీ జాగాగా వదిలి, గిఫ్టు డీడుతో స్థానిక సంస్థకు ఒప్పగించాలని నిబంధన. మాది ఐదెకరాల లేఅవుటు, అంటే 24,200 గజాలు. పదో వంతు 2,420 గజాలు. కాగితం మీద అంతే ఉంది, ప్లానులో పచ్చరంగు కూడా వేశారు. అందులో నీళ్ళ ట్యాంకుకు ఓ నాలుగు వందల గజాలు. సరే, నీళ్ళు కావాలి. వినాయకుడి గుడికి మూడు వందల యాభై. దేవుణ్ణి ఏమంటాం. కమ్యూనిటీ హాలుకు ఆరు వందలు, ట్రాన్స్‌ఫార్మరుకు డెబ్భై. మిగిలింది వెయ్యి గజాలు. చుట్టూ టైల్సు పరిచి నడకదారి. మూలన ఓపెన్ జిమ్ము. మధ్యలో ప్రారంభోత్సవం నాడు పైకి లేచి, మర్నాటి నుంచి పడుకున్న ఫౌంటెను. దాని పక్కన 480 గజాల పచ్చిక, చుట్టూ ఇనుప తీగ. పిల్లలకు మిగిలింది ఈశాన్యం మూల అరవై గజాలు. అందులో రెండు ఉయ్యాలలు, ఒకదానికి గొలుసు లేదు. ఓ జారుడుబల్ల, రేకుది, పడమటి ముఖం పెట్టి నిలబెట్టారు. మే నెల సాయంత్రం దాని మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. దాన్ని అలా తిప్పి పెట్టినాయనకు పిల్లలు లేరేమో అనుకున్నాను. ముగ్గురున్నారట.

నా లెక్క చూడండి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. గజాల్లో 194. అంటే మనవాళ్ళు ఇల్లు కట్టుకునే రెండు వందల గజాల ప్లాటు కంటే చిన్నది. చుట్టూ పరిగెత్తడానికి మూడేసి మీటర్లు వదిలినా 430 గజాలకు మించదు. పచ్చిక 480. ఆడపిల్లల కబడ్డీ కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. 115 గజాలు. ఒక పెద్ద పోర్టికో. కాబట్టి జాగా లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జాగా ఉంది, మనసు కొలత తక్కువైంది.

ఇంత ధాటిగా కమిటీ మీటింగులో చెప్పాను. సెక్రటరీగారు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. ఫైలు లేకుండా మంచినీళ్ళు కూడా తాగరు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, సొరుగులోంచి ఓ కాగితం తీసి నా ముందు పెట్టారు. నాలుగేళ్ళ కిందట వాకర్స్ ఇచ్చిన అర్జీ. బంతులు తగిలి వృద్ధులకు ప్రమాదం జరుగుతున్నందున పార్కులో ఆటలు నిషేధించవలసిందిగా ప్రార్థన. కింద పాతిక సంతకాలు. పదకొండోది నాది.

నాకు గుర్తొచ్చింది. ఒక సాయంత్రం బంతి వచ్చి నా పక్కన నడుస్తున్న పెద్దాయన కళ్ళజోడు పగిలింది. మర్నాడు కాగితం తిరిగింది, పెన్ను అందించారు, పెట్టాను. చదవలేదని చెప్పుకోవచ్చు, కానీ చదివాను. ముప్పై నాలుగేళ్ళు గీతలు గీసినవాణ్ణి, బోర్డు పాతినవాళ్ళలో ఒకణ్ణయ్యాను. నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక మైదానం నడకదారిగా కనపడ్డం మొదలైంది, అంతకంటే సంజాయిషీ లేదు. ఆ పార్కులో జిమ్ము మాది, బెంచీలు మావి, నవ్వుల క్లబ్బు మాది, పొద్దున ఐదు నుంచి ఎనిమిది మాది, సాయంత్రం ఐదు నుంచి ఏడు మాది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ ఏదో చూసుకోండి. ముసలివాళ్ళం మేం ఓట్లున్నవాళ్ళం, తీరిక ఉన్నవాళ్ళం, అర్జీ రాయడం వచ్చినవాళ్ళం. మా కళ్ళం యజమాని చదువు రానివాడు, పాపం, తిట్టి ఊరుకునేవాడు.

"ఆడుకోవాలంటే టర్ఫ్‌లున్నాయిగా మాస్టారూ" అన్నారు సెక్రటరీగారు కాగితం మడుస్తూ. ఉన్నాయి. ఊరి చివర పొలాల్లో వలలు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, దీపాలు పెట్టారు. బాక్స్ క్రికెట్. మా వాణ్ణి ఓసారి తీసుకెళ్ళాను. గంటకు వెయ్యి రూపాయలు. పన్నెండుమంది పిల్లలు తలా కాస్త వేసుకున్నారు. ఒకడి దగ్గర డబ్బుల్లేక గేటు దగ్గరే నిలబడి చూశాడు, పక్క వీధి ఇస్త్రీబండి అతని కొడుకు, బౌలింగు వీళ్ళందరికంటే బాగా వేస్తాడట. నేను ఇస్తానన్నాను. వాడు వద్దన్నాడు. లోపల ఆట బాగానే ఉంది, కాదనను. నేల మెత్తన, దెబ్బలు తగలవు. కానీ గంట అయిందని ఈల కాదు, బజరు మోగింది. ఆఖరి ఓవర్లో ఇంకా మూడు బంతులుండగా. వెనక బ్యాచ్ వచ్చేసింది. అలా సగంలో ఆగిన ఆటకు గెలుపెవరిదని పిల్లల్ని అడిగాను. "టై అనుకున్నాం తాతయ్యా" అన్నారు. తొండి లేదు, తగాదా లేదు, జట్టు చీలడం లేదు. తగాదాకు టైమ్ కొనలేదుగా.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడాప్రాంగణాలు అని మొదలుపెట్టారు. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు, లాంగ్‌జంప్ గుంట, పట్టుకుని వేలాడే బార్లు. ఇటు 2023 డిసెంబరు 26న మా గుంటూరులోనే ఆడుదాం ఆంధ్రా మొదలై, 2024 ఫిబ్రవరి 13న విశాఖలో ముగిసింది. జనం బాగా వచ్చారు. కానీ అది పదిహేనేళ్ళు నిండినవాళ్ళకు. ఎనిమిదేళ్ళవాడి సంగతి ఎప్పుడు? పైగా అది తిరునాళ్ళ. తిరునాళ్ళ బాగుంటుంది, మర్నాడు పొద్దున పొయ్యి మాత్రం ఇంట్లోనే వెలగాలి.

మా చెల్లెలి ఊరు సూర్యాపేట దగ్గర. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ ఊరి ప్రాంగణం చూశాను. సాయంత్రం ఐదింటికి నలభైమంది పిల్లలున్నారు, సగం ఆడపిల్లలు. నమ్మలేక దగ్గరకు పోయి గీతలు చూశాను. అప్పుడే వేసిన సున్నం. పట్టాలెక్కని రైలులా ఊరికే పడి ఉండాల్సిన జాగా ఇంత బతికి ఉందేమిటా అని చూస్తే, కారణం ఓ మనిషి. మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, మెడలో ఈల వేసుకుని రోజూ వస్తాడట. జీతం లేదు. "ఇంట్ల కూసుంటే ఏం తోస్తది సార్" అన్నాడు. పొరుగూళ్ళో ఇదే బోర్డు, ఇవే బార్లు, మేకలు మేస్తున్నాయి. బోర్డు రెండూళ్ళకీ ఒకేలా రాశారు, ఈల ఒక్క ఊరికే దొరికింది.

ఇదేం కొత్త సంగతి కాదు. మన ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా నడిపిన హైదరాబాదు రహీం సాబ్ మొదట బడిపంతులే. సిడ్నీలో 2000లో కంచు పతకం ఎత్తిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. ఆ పిల్లకు పన్నెండేళ్ళప్పుడు బరువు ఎత్తడం నేర్పినాయన నీలంశెట్టి అప్పన్నగారు. స్టేడియాలకు పేర్లు పెట్టేటప్పుడు ఇలాంటివాళ్ళ వంతు ఎప్పటికొస్తుందో గానీ, స్టేడియం కంటే ముందు వాళ్ళున్నారు.

అందుకే కమిటీలో నేను అడిగింది కొత్త పరికరాలు కాదు. అవి కొంటే రిబ్బను కత్తిరించవచ్చు కాబట్టి వెంటనే కొంటారు. నేను అడిగింది, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పచ్చిక చుట్టూ తీగ తీసేయండి. వాకర్స్‌ ఆ రెండు గంటలు నడకదారి వదలకండి. కళ్ళజోడు పగిలితే కాలనీ నిధిలోంచి కొనివ్వండి. మా పేటలోనే ఓ సర్కారు బడి ఉంది, మూడెకరాల నేల, సాయంత్రం ఐదింటికి తాళం పడుతుంది. రాత్రిళ్ళు సీసాలు పగలగొడుతున్నారని తాళం వేశారట. సీసాలవాళ్ళు గోడ దూకి వస్తున్నారు, తాళం అడ్డం పడింది పిల్లలకే. ఓ ఇద్దరు డిగ్రీ పిల్లలకు నెలకు ఇంతని ఇచ్చి, గేటు తీయించి, ఈల ఇస్తే చాలదా అన్నాను.

"లయబిలిటీ ఎవరిది మాస్టారూ?" అన్నారు సెక్రటరీగారు. ఇంకొకాయన ఆ పచ్చికలో రెండో కమ్యూనిటీ హాలు కడితే అద్దె వస్తుందన్నాడు. అప్పటిదాకా మూల కూర్చున్న ప్లీడరుగారు నోరు విప్పారు. బెంగళూరులో పార్కుకని వదిలిన జాగాను ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే కొట్టేసిందట. ఆస్పత్రికే దిక్కులేనప్పుడు ఫంక్షన్ హాలు ఏపాటి అన్నారు. హాలు మాట అక్కడితో ఆగింది. తీగ మాట వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

వాయిదాలు వినే వయసు నాకు దాటింది. మరుసటి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, అటక మీది టేపు, పాలడబ్బా దింపాను. మా మనవరాలు లేచి కూర్చుంది. ఎనిమిదో తరగతి. దానికి పరీక్షలుంటే తప్ప అంత పొద్దున్నే మెలకువ రాదు. ఇద్దరం వెళ్ళి తీగ కింద నుంచి దూరాం. దూరింది అది, నేను వాచ్‌మన్ చేత గేటు తీయించుకున్నాను. ఓ చివర అది, ఓ చివర నేను. 12 మీటర్లు, 8 మీటర్లు. నడుం పట్టేసి మధ్యగీత దగ్గర ఆగిపోతే మిగతాది అదే పోసింది. ఏడింటికల్లా పదిమంది ఆడపిల్లలు చేరారు, ఏ ఫ్లాట్లలోంచి వచ్చారో! వాకర్స్ చూశారు, దగ్గారు, నడిచారు. కళ్ళజోడు పగిలిన పెద్దాయన మాత్రం బెంచీ మీద కూర్చుని ఎవరు గెలుస్తారో చూసి వెళ్ళారు.

సోమవారం తోటమాలి మోటారు పెట్టి తడిపేశాడు, గీతలు పోయాయి. ఎవరు చెప్పారో నేను అడగలేదు. మంగళవారం సాయంత్రం వెళ్ళేసరికి గీతలు మళ్ళీ ఉన్నాయి. సున్నం కాదు, ముగ్గుపిండి. పిల్లలు అడుగులతో కొలిచి గీసుకున్నారు. వంగి చూశాను. మధ్యగీత వంకర. ఓ వైపు పొడుగు, ఓ వైపు పొట్టి. లాబీ మరిచిపోయారు. మూలన ఎవరో చేయి ఊరుకోక చిన్న తామరపువ్వు కూడా వేశారు.

"బోనస్ లైనేదే? ఇదేం కోర్టే, ఇలాగైతే..." అన్నాను.

"తాతయ్యా, లోపల నిలబడ్డారు మీరు. కాస్త జరగండి, కూత పెట్టాలి" అంది మా మనవరాలు.